నా గొంతు, ఆయన జవాబులు

చిత్తూరులో ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పిన నా గొంతును పార్కిన్సన్స్ జబ్బు రెండేళ్లలో గుసగుసగా మార్చేసింది. చెయ్యి వణికితే నలుగురికీ కనిపిస్తుంది, అయ్యో అంటారు. గొంతు తగ్గితే ఆ అయ్యో కూడా ఉండదు. "ఏందీ?" అని ఒకసారి ముందుకు వంగుతారు, రెండోసారి విసుక్కుంటారు, మూడోసారి మా ఆయన వైపు తిరుగుతారు.

మాటిమాటికీ తిరుపతి ఆసుపత్రికి బస్సెక్కడం నా వల్ల కాదని, ఇంటి నుంచే గొంతుకూ ఒంటికీ వ్యాయామాలు చేసేలా అక్కడి డాక్టరు ఏర్పాటు చేశాడు. వారానికి మూడు రోజులు పొద్దున పదింటికి ఆసుపత్రి నుంచి వ్యాయామాలు నేర్పే ఒక అమ్మాయి వీడియోలోకి వస్తుంది. మిగతా రోజులు ఫోనులో యాప్ పెట్టుకుని నేనే చేసుకోవాలి. ఆ యాప్‌లో ఒక రికార్డు గొంతు. చెయ్యి ఎత్తినా శభాష్, ఎత్తకపోయినా శభాష్. ఒకరోజు నేను కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతుంటే "శభాష్, చాలా బాగా చేశారు" అంది. బడిలో ఆ మాట ఇంత చౌకగా నేనెవరికీ ఇవ్వలేదు.

అంతకంటే పెద్ద తద్దినం మా ఆయన. కలెక్టరాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఎవరి అర్జీకైనా తానే జవాబు రాయడం అలవాటు. ఫోను ఆయనే పట్టుకునేవాడు. దాంతో ఆ అమ్మాయికి నా ముఖం సగం, మా ఫ్యాను మొత్తం కనిపించేవి. ప్రశ్న నాకు, జవాబు ఆయనది.

నెల గడిచాక ఒకరోజు ఆ అమ్మాయి అడిగింది. "అమ్మా, నిన్న గొంతు వ్యాయామం ఎన్నిసార్లు చేసినారు?"

నేను నోరు తెరిచేలోగా ఆయన అందుకున్నాడు. "ఆమె యాడ సేస్తాది పాపా! సెప్పి సెప్పి నా నోరు నొప్పి పుట్టింది. పొద్దస్తమానం కూచోనే ఉంటాది."

నిజానికి ఆయన టీ అంగడికి పోయినప్పుడు, గోడ పట్టుకుని నిలబడి, రెండు పూటలా చేశాను. అదే చెప్పాను. నా మాట ఫోను దాకా పోలేదు.

"సూసినావా, మాట కూడా పెగల్లేదు" అన్నాడాయన, కేసు గెలిచినట్టు.

నేను ఒక్కసారిగా అరిచాను.

"నువ్వుండు! పాప అడిగింది నన్ను. రెండు పూటలా చేసినాను. టీ అంగట్లో కూచోనుంటే నీకెట్ల తెలుస్తుంది?"

పక్కింటావిడ ప్రహరీ మీదినుంచి "ఏమైందక్కా?" అంది. ఆయన బిత్తరపోయి నా వైపు తిరిగాడు. అరిచినందుకు కాదు. నలభై ఏళ్ల కాపురంలో నేనాయన్ని 'మీరు' తప్ప ఇంకోమాట అనలేదు.

"నన్నే నువ్వంటావా?"

"అంటాను."

ఫోనులో ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటోంది. "అమ్మా, నెల నుంచి నేనడిగే గొంతు ఇదే. కడుపులోంచి వచ్చింది. ఇంకోసారి అనండి."

"ఏమని?"

"అదే, ఇప్పుడన్నదే."

"నువ్వుండు!" అన్నాను మళ్లీ. ఈసారి కోపం లేదు, కొంచెం సుఖంగా కూడా ఉంది.

"సార్, ఎల్లుండి నుంచి ఫోను అమ్మ ముందర పెట్టి మీరు బయట కూచోండి" అందా అమ్మాయి. పెళ్లాం నెల రోజులుగా గొణిగింది చెవికెక్కని మనిషి, ఫోనులోని పిల్ల ఒక్కమాట అనగానే "సరేమ్మా" అన్నాడు. మూడు రోజులు మూతి ముడుచుకున్నాడు. నేను బతిమాలలేదు.

జబ్బు ఎక్కడికీ పోలేదు. సాయంత్రానికి గొంతు మళ్లీ అడుగంటుతుంది. ఇప్పుడు ఫోనును కందిపప్పు డబ్బాకు ఆనించుకుని ఒక్కదాన్నే చేసుకుంటున్నాను. మొన్న ఆదివారం మా ఆడబిడ్డ వచ్చింది. నేను ఎదురుగా ఉండగానే "అన్నా, వదినకిప్పుడెట్లుండాది?" అని ఆయన్నడిగింది. ఆయన నోరు తెరిచి, నా వైపు చూసి, మూసుకున్నాడు.

"ఈడే ఉండాను కదా, నన్నడుగు" అన్నాను.

ఆమెకు వినపడలేదు. ఊపిరి నిండా తీసుకుని మళ్లీ అన్నాను.