రాజక్క కార్డు మీద సరోజన

సరోజనకు చేతులు ఊరికే ఉండవు. ఎవరితోనైనా మాట్లాడుతున్నప్పుడు కూడా బొటనవేలు చూపుడువేలి మీద కదులుతూనే ఉంటుంది, కనబడని ఆకునేదో చుడుతున్నట్టు. కోరుట్లలో మా వాడ నిండా బీడీలు చుట్టే ఆడవాళ్లే. ఆమె వేగం మాత్రం ఎవరికీ లేదు. పొద్దున వంట కాగానే చాట ఒళ్లో పెట్టుకుంటే దీపాలు పెట్టే వేళకు వెయ్యి బీడీలు కట్టలు కట్టి లేస్తుంది.

రెండువేల పదకొండు సెప్టెంబరులో ఆ చేతులు మరీ నిలకడ తప్పాయి. కూతురు కల్యాణి ఆ ఏడే జగిత్యాలలో డిగ్రీలో చేరింది. ప్రభుత్వం కట్టాల్సిన ఫీజు ఎప్పుడొస్తుందో తెలియదు, ముందు మీరు కట్టండి, వచ్చాక తిరిగి ఇస్తాం అంది కాలేజీ. భర్త ఐలయ్య సిరిసిల్లలో మరమగ్గాల మీద పని చేస్తాడు. అతను పంపేది కిరాయికీ బియ్యానికీ చాలుతుంది. మిగిలిన దారి ఒక్కటే, బీడీ కార్మికుల పిల్లలకు ఏటా వచ్చే స్కాలర్‌షిప్. ఫారం ఇవ్వడానికి ఆఖరు రోజు సెప్టెంబరు ముప్పై. అది రాకపోతే దసరా తర్వాత కల్యాణి కూడా చాట పట్టాల్సిందేనని ఐలయ్య ముందే చెప్పి వెళ్లాడు.

పదమూడో తేదీ నుంచి ప్రత్యేక రాష్ట్రం కోసం తెలంగాణ అంతటా సమ్మె మొదలైంది. ఆఫీసులకు తాళాలు పడ్డాయి. తహసీల్ ఆఫీసు వాళ్లు గేటు బయట టెంటు వేసుకుని కూర్చున్నారు. కల్యాణి ఆదాయం సర్టిఫికెట్ సరిగ్గా ఆ ముందురోజు చేతికి వచ్చింది. ఇక అడ్డేమీ లేదనుకుని తల్లీకూతుళ్లు ఫారం ముందేసుకుని కూర్చున్నారు. "తల్లి పేరు" దగ్గర కల్యాణి "సరోజన" అని రాసింది. "కార్డులో ఉన్న పేరు" దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయింది.

"అమ్మా, కార్డు మీద అత్తమ్మ పేరున్నది గద!"

సరోజనకు అది కొత్త సంగతి కాదు. కానీ అది అడ్డం వస్తుందని ఎన్నడూ తోచలేదు. మా వైపు బీడీ కార్డు ఇంటి సొత్తులాంటిది. పెళ్లికి ముందే ఆడపిల్ల పేరున కార్డు చేయిస్తారు. ఆ పిల్ల పెళ్లయి పోతే కార్డు పుట్టింట్లోనే ఉంటుంది, ఆ ఇంటికి వచ్చిన కోడలు దాని మీద చుడుతుంది. కొత్త కార్డుకు కాగితం రాయమంటే కార్ఖానాల వాళ్లు ఇయ్యాల రేపు అని తిప్పుతారు కాబట్టి ఎవరూ అడగరు. సరోజన కోరుట్లకు కాపురానికి వచ్చేనాటికి ఐలయ్య అక్క రాజక్క పెళ్లయి మల్యాలకు పోయింది. అత్తగారు కోడలి చేతిలో చాట పెట్టి, "కార్ఖానల నీ పేరడిగితే రాజక్క అని చెప్పు" అంది. పద్దెనిమిదేళ్లు అట్లాగే చెప్పింది. వాడలో రాత్రిబడి పెట్టినప్పుడు ఒక్క సంతకం నేర్చుకోవడానికే తీరిక దొరికింది. కూలి తీసుకునే చోట పనికొస్తుందని ఆ ఒక్కటీ "రాజక్క" అనే నేర్చుకుంది.

కార్డు మీద పేరున్నవాళ్ల పిల్లలకే స్కాలర్‌షిప్ ఇస్తారు. ఇంకో చిక్కు కూడా ఉంది. అదే కార్డు మీద రాజక్క కూతురు అఖిలకు తొమ్మిదో తరగతి నుంచి స్కాలర్‌షిప్ వస్తోంది. ఏటా సెప్టెంబరులో కార్డు జిరాక్సు తీసి, మల్యాల మీదుగా పోయే బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపుతున్నది సరోజనే. అఖిల ఇప్పుడు కరీంనగర్‌లో నర్సింగ్ డిగ్రీ చదువుతోంది.

మర్నాడే సరోజన బీడీలు అప్పజెప్పే చోటికి పోయింది. పేరు మార్చి రాయమని ఆమె అడుగుతుంటే, కార్ఖానా తరఫున బీడీలు తీసుకునే మధుకర్ రిజిస్టరులోంచి తల ఎత్తకుండా విన్నాడు.

"ఇరవైయేండ్లు కావొస్తుంది గా పేరు రాయవట్టి. మా బాపు రాసిండు, నేను రాస్తున్న. ఇప్పుడు రాజక్క కాదు, సరోజన అని రాస్తే, గిన్నేండ్లు నువ్వేం జూసినవ్ రా అని నన్నే ఇంటికి తోలుతరు."

"మరి నా బిడ్డకెట్ల?"

"ఇయ్యాల చేరినట్టు రాస్త. కొత్త కార్డు చేయించుకో."

"ఆర్నెల్లు చుట్టినట్టుండాలెనట. గీ ఏడు రాదు."

"అచ్చేయేడు అస్తది తీయ్. తెలంగాణనే ఆగుతున్నది, నువ్వాగలేవా?"

పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. సరోజన నవ్వలేదు. మధుకర్ ఆమె కట్టల్లోంచి బాగాలేవని నాలుగు తీసి పక్కన పడేశాడు. మామూలుగా అయితే ఆమె ఒక మాట అనేది, ఆ రోజు వాటిని పట్టించుకోలేదు.

కార్డు ఎవరిదో ఆ మనిషినే అడగాలి. బస్సులు బందై వారమవుతోంది. ఇరవై ఐదో తేదీన జగిత్యాల దాకా ఒక ఆటో, అక్కడి నుంచి కూరగాయల ట్రాలీ పట్టుకుని మల్యాలకు పోయింది. ఊరింకా రాకముందే క్రాస్ రోడ్డు దగ్గర బండి ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా రాళ్లపొయ్యిలు పెట్టి జనం సమ్మెలో భాగంగా వంటా వార్పూ చేస్తున్నారు. పెద్ద గిన్నె ముందు నిలబడి గరిటె తిప్పుతున్నది రాజక్కే. ఆమె బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. బడి మూతపడడంతో ఆ గిన్నెలే రోడ్డు మీదికి తెచ్చారు.

"ఏం పిల్లా, బస్సులు లేని దినం జూసుకొని అచ్చినవ్? కూసో, తిని పో. తెలంగాణ పులిహోర!"

"తినతందుకు రాలేదు వదినె. కార్డు సంగతి మాట్లాడుదామని అచ్చిన." సరోజన పొగకు కళ్లు తుడుచుకుంది. "గీ ఏడు స్కాలర్‌షిప్ కల్యాణికి పెడుదామనుకుంటున్న."

గరిటె ఆగింది. "నా కార్డు మీద నీ బిడ్డకెట్లస్తది?"

"చుట్టేది నేను గద."

"చుడుతున్నవ్, కూలి తీసుకుంటున్నవ్. నేనెన్నడన్న అడిగిన్నా? గా కార్డు మా అవ్వ నాకు చేయించింది. నేను నీకు ఇడ్శిపెట్టి పోయిన. నీకంతకన్న పెద్ద సారె ఎవలు పెట్టిన్రు?"

"నాలుగేండ్లు అఖిలకు అచ్చింది. నేనేమన్న అన్ననా? జిరాక్స్ నేనే తీసి పంపిన. ఇప్పుడు నా బిడ్డకు ఫీజు కట్టక కాలేజి నుంచి ఎల్లగొడుతరు వదినె."

"మరి నా బిడ్డను నడుమల ఆపి ఇంటికి తీస్కరమ్మంటవా? దానికి తండ్రి గూడ లేకపాయె." రాజక్క గొంతు పెరిగింది. వరుసలో కూర్చున్నవాళ్లు ఇటు చూశారు. ఎవరో "వదినమరదండ్ల లొల్లి అయినంక వడ్డిస్తరా, ఇప్పుడే వడ్డిస్తరా?" అని అరిచాడు. రాజక్క గిన్నె వైపు తిరిగింది. సరోజన వచ్చిన దారినే వెనక్కి నడిచింది. ఆ ఏడు జిరాక్సు పంపలేదు.

ఇరవై ఎనిమిదో తేదీన కల్యాణిని వెంటబెట్టుకుని జగిత్యాలలో బీడీ కార్మికుల దవాఖానకు పోయింది. కార్డు ఇచ్చేదీ, ఫారాల మీద ముద్ర వేసేదీ అక్కడి డాక్టరే. ఆర్నెల్ల సంగతి ఆయన్నే అడిగి చూద్దామనుకుంది. అది ఢిల్లీ సర్కారు దవాఖాన, సమ్మెలో లేదు. ఆఫీసులన్నిట్లో అదొక్కటే తెరిచి ఉండడంతో వరండా నిండా జనం. సరోజన వరుసలో నిలబడి నాలుగుసార్లు బయటికి పోయి వచ్చింది. కల్యాణి విసుక్కుంది. "అమ్మా, ఒక్కకాడ నిలబడరాదా?"

వాళ్ల వంతు వచ్చింది. కల్యాణి ఫారం మీద పాత కార్డు నంబరే వేసి, సరోజన పేరున కొత్త కార్డు కావాలని దరఖాస్తు ఇచ్చారు. డాక్టరు బల్ల కింది నుంచి చిన్న చాట తీశాడు. అందులో నానబెట్టిన ఆకు, తంబాకు, దారం ఉన్నాయి. బీడీ చుట్టడం రానివాళ్లు కూడా కార్డులకు వస్తుండడంతో ఆయన ఎవరికైనా ముందు ఈ పరీక్ష పెడతాడు.

"చుట్టమ్మా."

ఆయన ఇంకో కాగితం అందుకునేలోపు మూడు బీడీలు బల్ల మీద ఉన్నాయి. ఆయన ఒకటి తీసి తిప్పి చూసి, "కొత్తగా చేరిన చెయ్యి కాదే ఇది" అని నవ్వాడు. దరఖాస్తు ముందుకు జరిపాడు. "ఇక్కడ సంతకం పెట్టు."

సరోజన పెట్టింది. కల్యాణి వంగి చూసింది. దరఖాస్తు పైన సరోజన అని ఉంది. కింద వంకర లేకుండా, తడబాటు లేకుండా, రాజక్క అని ఉంది.

"పైన సరోజన, కింద రాజక్క. ఏది నీ పేరు?" అన్నాడు డాక్టరు.

సరోజన నోరు తెరిచేలోపు వెనక వరుసలోంచి "నా పేరు సారూ" అని వినబడింది. రాజక్క. జిరాక్సు రాలేదని, నిరుటి పాతది పట్టుకుని, అఖిల ఫారంతో ట్రాక్టరెక్కి తనే వచ్చింది. తన పేరు ఎవరో పిలిచారనుకుని ముందుకు తోసుకువచ్చేసింది. బల్ల మీద రెండు ఫారాలు, ఒకే కార్డు నంబరు.

డాక్టరు రెండిటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. చాట రాజక్క వైపు జరిపాడు. "నువ్వు కూడా చుట్టు."

"నాకు రాదా సారూ? మా వాడల నాకంటె జోరుగ చుట్టేటోళ్లు ఉండకపోయేది." రాజక్క కొంగు బిగించి ఆకు తీసుకుంది. తంబాకు పోసి మడిచింది. ఆకు నిలువునా చీలింది. రెండోది తీసుకుంది. తంబాకు ఒళ్లో రాలింది. పద్దెనిమిదేళ్లు గరిటెలూ వరినారూ పట్టిన వేళ్లు ఆ లేత ఆకును పట్టుకోలేకపోతున్నాయి. మూడోది తీసుకోగానే సరోజన చూడలేక ఆమె చేతిలోంచి ఆకు లాగేసుకుంది.

"సారూ, కార్డు ఈమెదే. చుట్టేది నేను. ఈమె పేరు మీద చుడుతున్న."

వరండాలో గుసగుసలు మొదలయ్యాయి. అక్కడున్న సగం మందిది అదే కథ అయ్యుంటుంది. డాక్టరు రెండు ఫారాలూ వెనక్కి జరిపాడు.

"ఈ కార్డు మీద ఎవరి ఫారానికీ నేను ముద్ర వెయ్యలేను. పేరున్నావిడ చుట్టడం లేదు, చుట్టేవిడకు పేరు లేదు. ఎన్నేళ్లుగా చుడుతున్నావో మీ కార్ఖానా వాళ్లతో నిజం రాయించుకు రా. అది చూసి నీకు కార్డు ఇస్తాను, మీ అమ్మాయి ఫారం తీసుకుంటాను. ఎల్లుండి అయిదింటి దాకా ఉంటాను."

బయట మెట్ల మీద ముగ్గురూ కూర్చున్నారు.

"ఇద్దరికీ పాయె. సల్లగున్నదా?" అంది రాజక్క.

"మధుకర్ రాయడు వదినె. రాస్తె ఆయన కొలువు పోతదట."

రాజక్క ఒళ్లో మిగిలిన తంబాకు దులుపుకుంది. "వానికెందుకు పోతది? వానికి చెప్పకుంట కార్డు మా మరదలుకిచ్చిన, తప్పు నాదే అని నేను రాసిస్త. నన్నేం జేస్తరు, గంటె గుంజుకుంటరా?"

సరోజన ఆమె వైపు తిరిగి కూర్చుంది.

"ఉత్తగ గాదు. అచ్చినదాంట్ల సగం అఖిలకు. పీఎఫ్ మాట ఎత్తద్దు. అది నా పేరు మీదున్నది, నాకే రావాలె."

"అత్తమ్మా! గా పీఎఫ్ అంతా అమ్మ చుట్టిన బీడీలదే గద!"

"నువ్వు ఊకో బిడ్డా. నీకు సదువుడొస్తది, బేరమాడుడు రాదు."

సరోజన వేళ్లు మోకాలి మీద ఆడుతున్నాయి. ఇన్నేళ్లూ కూలిలోంచి కోసి దాచిన ఆ పీఎఫ్ ఒక్కటే ముసలితనానికి ఉందనుకున్నది. అయినా దాని మాట వదిలేసి, "సగం ఎన్నేండ్లు?" అంది.

"అఖిల సదువు ఒడిసేదాక."

"గీ ఒక్కయేడు."

"రెండేండ్లు."

"రెండే. మూడో యేడు నన్ను అడుగద్దు."

"అడుగ తీయ్."

మరునాడు మధుకర్, రాజక్క చెప్పి కల్యాణి చేత రాయించిన కాగితాన్ని మూడుసార్లు చదివాడు. ఆమె వేలిముద్ర వేయించుకున్నాడు, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు. ఆ తర్వాతే కార్ఖానా కాగితం మీద సరోజన పేరు రాశాడు. ముప్పైన నాలుగున్నరకు డాక్టరు కల్యాణి ఫారం మీద ముద్ర వేశాడు. తల్లి చేతిలో కొత్త కార్డు పెట్టాడు.

డబ్బు ఫిబ్రవరిలో వచ్చింది. సగం పట్టుకుని సరోజన ఆ పొద్దే మల్యాలకు బయలుదేరింది. మిగిలిన సగం పట్టుకుని కల్యాణి జగిత్యాల బస్టాండు దాకా వెంటే వచ్చింది. ఆమె కోపం అయిదు నెలలుగా తగ్గలేదు.

"మిగిలిన సగంతోని సగం ఫీజే అయితది. పరీక్షల లోపట మొత్తం కట్టుమంటున్నరు."

"సగం కడితె హాల్ టికెట్ ఇస్తరా, ఇయ్యరా?"

"అడగాలె."

"మరి గీడెందుకు నిలబడ్డవ్? పోయి అడుగు." సరోజన కదులుతున్న బస్సు మెట్టెక్కి, కిటికీలోంచి మళ్లీ తల బయట పెట్టింది. "ఇయ్యం అంటె గాణ్నే కూసో. లేవకు. నేను అచ్చేదాక."

కల్యాణి కూర్చుంది. ప్రిన్సిపాల్ గది బయటి బల్ల మీద, మధ్యాహ్నం మూడు దాకా. తల్లి రాకముందే సగం ఫీజు తీసుకుని రసీదు ఇచ్చారు. హాల్ టికెట్ ఇస్తామని చెప్పి, మిగతాది మేలో కట్టాలని దాని మీద రాశారు.