జాబితాలో ఏడో పేరు

రాజనీతి శాస్త్రం చదివేదానికి ఊళ్లు పట్టుకుని తిరగడమెందుకు, లైబ్రరీలో కూర్చుంటే సరిపోదా అని మా ఇంట్లో అడిగేవాళ్లు. నేనూ అలాగే అనుకుని హైదరాబాద్‌లో చేరాను. మూడో సెమిస్టర్‌లో సర్వే పద్ధతుల పేపర్ వచ్చిపడింది. మొదటి సర్వేలో, ఎంపికైన మనుషులు దొరక్కపోతే పక్కింటివాళ్లను అడిగి కాగితాలు నింపేశాను. మా సార్ రెండే ప్రశ్నలతో పట్టేశారు. "దొరికినవాళ్లని అడిగితే అది సర్వే కాదమ్మా, ముచ్చట" అని క్లాసందరి ముందూ అన్నారు. తల కొట్టేసినట్టయింది. రెండోసారి అడవి అంచు ఊళ్లలో ఓటర్ల అభిప్రాయాలు తెలుసుకురమ్మన్నారు. షరతు ఒకటే. జాబితాలో వచ్చిన మనిషినే అడగాలి. ఇంట్లో లేకపోతే మూడుసార్లు వెళ్లాలి, బదులుగా ఇంకొకరిని అడగకూడదు. అది రెండువేల ఏడు, వానలు ఇంకా పూర్తిగా వెనక్కి పోని రోజులు. ఆ వైపు వెళ్లే విద్యార్థులు ఇప్పటికీ నన్ను దారి అడుగుతుంటారు కాబట్టి దారి చెప్తాను. దారి తెలిసింది కదా అని మధ్యలో ఆపేయకండి.

ఖమ్మంలో పొద్దున ఐదున్నరకు భద్రాచలం బస్సెక్కాను. టికెట్ అరవై రూపాయల లోపే. కొత్తగూడెం, పాల్వంచ మీదుగా గోదావరి వంతెన దాటేసరికి పదైంది. గుడి దగ్గర నూటయాభైకి లాడ్జి దొరికింది. అక్కడే యాకూబ్ అనే ఆటో ఆయన్ని మాట్లాడుకున్నాను. రోజుకు నాలుగు వందలు కిరాయి. నలభై దాటిన మనిషి, వాళ్ల నాన్న సంతల్లో ఉప్పు అమ్మేవాడట, అలా చిన్నప్పుడే కోయ భాష వచ్చేసింది. నాకు డ్రైవరూ దుబాసీ ఒకడే దొరికాడని సంబరపడ్డాను. పర్ణశాల దాకా తారురోడ్డు, గంట పైన పడుతుంది. యాత్రికులు అక్కడ దిగిపోతారు. మేం మట్టిదారిలో ఇంకో పన్నెండు కిలోమీటర్లు వెళ్లాం. ఆ ఊరి పేరు రాయను.

ఓటర్ల జాబితాలో నాలుగో పేరుతో మొదలుపెట్టి ప్రతి పదిహేనో పేరు తీసుకుంటే ఆ ఊళ్లో నాకు ఏడుగురు వచ్చారు. బోరింగు దగ్గర నిలబడి ఏడు పేర్లూ హాజరు పిలిచినట్టు గట్టిగా చదివాను. బిందెలు దించుతున్న ఆడవాళ్లు మాట ఆపేశారు. యాకూబ్ నా పక్కకు వచ్చి, "పేర్లు గట్ల చదవకుండ్రి మేడం" అన్నాడు మెల్లగా. ఆ ఊళ్లో చాలామందిది పోడు సాగు, అంటే అడవి కొట్టి వేసుకున్న చేను. అక్కడికి కాగితం మీద పేర్లు రాసుకుని వచ్చినవాళ్లు ఎప్పుడొచ్చినా ఎవరో ఒకరి మీద కేసు పడింది తప్ప మంచి జరగలేదట. ఒక పెద్దాయన ఈ ఏడుగురే ఎందుకని అడిగాడు. కారణమేమీ లేదు, లెక్క ప్రకారం వచ్చాయి, చీటీలు తీసినట్టే అని ఓపిగ్గా వివరించాను. మా పద్ధతి గొప్పదనమే అది కదా, ఎవరినీ ఏరుకోకపోవడం. యాకూబ్ వాళ్లకు చెప్పి, వాళ్లన్నది నాకు చెప్పాడు.

"కారణం లేకుండ పేరెట్ల రాస్తరంటుండ్రు మేడం. కారణం దాస్తున్నరంటుండ్రు."

ఆరుగురు మాట్లాడారు. అన్నిటికీ అవుననే అన్నారు. ఏడో పేరు జోగయ్యది, ఇల్లు ఊరి చివర. ఆయన భార్య ముత్తమ్మ గుమ్మంలోనే నిలబడి, పోడుకు పోయాడని చెప్పింది. ఫారంలో మొదటిసారి లేరు అని రాసుకున్నాను.

మర్నాడు పొద్దున వానలోనే వెళ్లాం. చాప మీద గిన్నెలో జావ ఇంకా పొగలు కక్కుతోంది. పక్కన దుప్పటి, తీసి విసిరేసినట్టుంది. ముత్తమ్మకు తెలుగు కొంచెం వచ్చు. ఆమె నేరుగా నాతోనే మాట్లాడింది.

"జరమొచ్చింది ఆయనకు. మీ బండి సప్పుడు ఇని అడవిలకు పోయిండు. ఆ పేరు కొట్టెయ్యమ్మా, ఇంటికొస్తడు."

పేరు కొట్టేయడం కుదరదని, భయపడాల్సిందేమీ లేదని, రేపు ఇంకొక్కసారి వస్తానని చెప్పాను. ధైర్యం చెప్తున్నాననుకున్నాను. నా ఉద్దేశం మంచిదే కాబట్టి ఆమె భయం తప్పని నేనే తేల్చేశాను. తిరుగుదారిలో పర్ణశాల దగ్గర టీ తాగుతూ యాకూబ్, రేపు పోవద్దు, ఆ మనిషి వానలో తడుస్తున్నాడని అన్నాడు. నాకు క్లాసులో పడిన మాట గుర్తొచ్చింది. ఒక్కసారే కదా, దాంతో అయిపోతుందన్నాను. ఫారంలో రెండోసారి లేరు అని రాశాను.

మూడో రోజు, ఆయన ఇల్లు కదలకముందే పట్టుకోవాలని ఆరింటికే యాకూబ్‌ను బయల్దేరదీశాను. ఊరు ఇంకా రెండు కిలోమీటర్లుందనగా నలుగురు మనుషులు నులకమంచం మోసుకుంటూ ఎదురొచ్చారు. వెనక ముత్తమ్మ. నిన్న పొద్దుటి నుంచి రాత్రంతా పోడు చేలో, పైకప్పు కారే కావలి గుడిసెలో పడి ఉన్నాడట. నేను మళ్లీ వస్తానన్నాను కాబట్టి ఇంటికి రాలేదు. మంచం దించి ఆటోలోకి ఎక్కించాం. ముత్తమ్మ ఆయన తల ఒళ్లో పెట్టుకుంది. నేను యాకూబ్ పక్కన ఇరుక్కుని కూర్చున్నాను, ఒళ్లో ఫైలుతో. అంతదాకా జోగయ్యను నేను చూడనేలేదు. సన్నటి మనిషి, మా చిన్నాన్న వయసుండొచ్చు. పర్ణశాల వస్తోందనగా కళ్లు తెరిచి నా ఒళ్లోని ఫైలు చూసి ఏదో అన్నాడు. యాకూబ్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చెప్పాడు.

"ఓటేసిన అంటుండు. ఏదడిగినా అవ్ అని రాసుకోమంటుండు. పేరు మాత్రం తీసెయ్యమంటుండు."

పెన్ను తీసి ఆ పేరు అడ్డంగా కొట్టేశాను. వెనక్కి తిరిగి కాగితం చూపించాను. అప్పటికే ఆయన కళ్లు మూసుకున్నాడు. ముత్తమ్మ చూసింది. భద్రాచలంలో దవాఖానాలో జ్వరం మెదడుకు ఎక్కిందన్నారు, ఒక్కరోజు ముందు తెస్తే వేరుగా ఉండేదన్నారు. మర్నాడు మధ్యాహ్నం పోయాడు.

జ్వరంతో పోయాడు, నీ తప్పేముంది అని ఎవరైనా ఓదారిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆయన చావులో నా చెయ్యి ఉంది. హైదరాబాద్ తిరిగొచ్చాక ఆ ఫారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. చివర మూడు గడులుంటాయి: సమాధానాలిచ్చారు, ఇంట్లో లేరు, నిరాకరించారు. ఇంట్లో లేనివాళ్ల దగ్గరికి మూడుసార్లు వెళ్లాలి. నిరాకరించినవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లనే కూడదు. ఈ రెండో నియమం కూడా అదే పేజీలో, మొదటిదాని కిందే ఉంది, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. జ్వరంతో ఉన్న మనిషి జావ గిన్నె వదిలేసి వానలోకి పరుగెత్తాడంటే ఇంట్లో లేడని కాదు. జోగయ్య జవాబు చెప్పాడు, నేనే దాన్ని తప్పు గడిలో వేశాను. సార్‌కు ఇదంతా చెప్పాను. ఆయన ఆ ఏడాది నుంచి ఈ రెండో నియమాన్ని మొదటి క్లాసులోనే చెప్పడం మొదలుపెట్టారు.

అటు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. ఐదున్నర బస్సే మంచిది, పర్ణశాల దాటాక తినడానికేమీ దొరకదు, మాట్లాడటానికి ఆ భాష వచ్చిన మనిషిని తీసుకెళ్లండి. ఇవన్నీ మర్చిపోయినా ఫరవాలేదు. ఎవరైనా తమ పేరు కొట్టేయమంటే మాత్రం, ఎందుకని అడక్కుండా, వాళ్లు చూస్తుండగా పెన్నుతో కొట్టేయండి.