అత్తగారి ఎరుపు

మా వదినకి ఉత్సాహం వస్తే కుర్చీలో కూర్చోలేదు. లేచి నిలబడి టైపు చేస్తుంది. ఆ రోజు పొద్దున్న నేను ప్రెస్సు తలుపు తోసేసరికి ఆవిడ నిలబడే ఉంది. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని తెర ముందుకి లాక్కెళ్ళింది. నా చేతిలో ఉన్న గొడుగు, సంచి, ప్రూఫుల కట్ట అన్నీ నేలపాలయ్యాయి. నాకు చర్రున కోపం వచ్చింది. తీరా చూస్తే తెర మీద నల్లటి త్రిభుజం, దానికి ఒక్క భుజం మాత్రం నీలంగా ఉంది. అంతే. ఆ ఒక్క గీతకే నాకూ ఒళ్ళు ఝల్లుమంది. నాకు ఊహ తెలిశాక మా ప్రెస్సులో నలుపు తప్ప మరో రంగు పడ్డది ఒకే ఒక్కసారి, అదీ ఏడుపుతో ముగిసింది.

ప్రెస్సు అమ్మది. నాన్న పోయాక ముందుగదిలో ఆయన కుర్చీలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళతో తానే మాట్లాడుతుంది, ఇంకెవర్నీ మాట్లాడనివ్వదు. వెనకగదిలో అన్నయ్య మెషిన్ నడుపుతాడు. నేను ప్రూఫులు దిద్దుతాను. తప్పు దొరికితే ఊరుకునే రకాన్ని కాదు, ఇంట్లో భోజనం దగ్గర కూడా ఎత్తిచూపుతానని అందరికీ నామీద గుర్రు. మధ్యగది వదినది. పేజీలు కూర్చేది ఆవిడే.

ఆ పని ఆవిడ కావాలని నేర్చుకున్నది కాదు. పెళ్ళయి వచ్చిన కొత్తల్లో, మా దగ్గర పేజీలు కూర్చే ఆయన ఒక లెక్కల పుస్తకం సగంలో వదిలేసి వేరే చోటికి వెళ్ళిపోయాడు. వదిన వెళ్ళి ఆయన కుర్చీలో కూర్చుంది. ఆయన రాసిపెట్టిన సగం చదివి మిగతా సగం పూర్తిచేసింది. ఆ పద్ధతిలో మౌసుతో బొమ్మల్ని అటూ ఇటూ జరపడం ఉండదు. ఇది శీర్షిక, ఇది సూత్రం, ఇది పటం అని ఆదేశాలు రాసి మీట నొక్కితే, ప్రోగ్రాము చదువుకుని పేజీ తయారుచేసి ఇస్తుంది. ప్రతి ఆదేశానికీ ఒక బ్రాకెట్టు తెరవాలి, పనయ్యాక మూయాలి. మూయడం మరిచిపోతే కొంప మునిగినట్టే. ఆ అలవాటు ఇంటిదాకా పాకింది. డబ్బా మూత తీసి ఉన్నా, కుళాయి కారుతున్నా, తలుపు ఓరగా ఉన్నా ఆవిడ ప్రాణం ఒప్పుకోదు. అన్నయ్య ఆవిడకి బ్రాకెట్టమ్మ అని పేరు పెట్టాడు. ఆవిడ విననట్టే ఉండి నవ్వుకుంటుంది.

లెక్కల మేష్టారి రేఖాగణితం పుస్తకం ఎప్పుడూ మా దగ్గరే అచ్చవుతుంది. మా ప్రెస్సుకి పెద్ద ఆసరా అదే. ఈసారి ఆయన వచ్చి రంగులు కావాలన్నారు. ఇచ్చిన కొలతలు ఒక రంగులో, మనం కొత్తగా గీసుకున్న గీతలు ఒక రంగులో, పిల్లలు తప్పటడుగు వేసే చోట పెట్టే హెచ్చరిక ఒక రంగులో ఉండాలట. అమ్మ వినీ వినకముందే తల అడ్డంగా ఊపింది. కారణం నాకు తెలుసు. నాన్న ఉన్నప్పుడు, అచ్చు పని ఇచ్చిన ఒక పార్టీకి ఆకుపచ్చ శీర్షికలతో పుస్తకం కూర్చాం. అచ్చుకి వెళ్ళబోతుండగా వాళ్ళు ఆ ఆకుపచ్చ మార్చమన్నారు. నాన్న ఒక్కో పేజీ తెరిచి, ఒక్కో శీర్షికా వెతికి, చేత్తో మార్చుకుంటూ పోయాడు. అయినా పుస్తకం వచ్చాక చూస్తే ఎక్కడెక్కడో పాత ఆకుపచ్చ మిగిలిపోయింది. ఆ పార్టీ మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. నాన్న అన్నం ముందు కూర్చుని ఏడవడం అమ్మ చూసింది.

మేష్టారు నొచ్చుకోకుండా, అయితే వేరే ప్రెస్సులో అడుగుతానంటూ లేచారు. సరిగ్గా అప్పుడు మధ్యగది గుమ్మంలోంచి వదిన, అమ్మ ఎదుట ఏనాడూ గొంతు పెగలని మా వదిన, "అత్తయ్యా, నేను చేస్తాను" అంది.

అమ్మ వెనక్కి తిరిగి చూసిన చూపుకి నేనైతే వీధిలో పడేదాన్ని. వదిన కదల్లేదు. చివరికి అమ్మ ఒక షరతు పెట్టింది. ఒకే ఒక్క అధ్యాయం నమూనాగా చేయాలి. మేష్టారు బాగుందంటే సరే. ఏ మాత్రం తేడా వచ్చినా రంగు మాట ఎత్తకూడదు, పేజీలు కూర్చే పని మొత్తం బయటికి ఇచ్చేస్తుంది, వదిన మధ్యగది ఖాళీచేసి కాగితాల లెక్క చూసుకోవాలి. వదిన సరేనంది. కొరివితో తల గోక్కుంటున్నావు వదినా అని నేను లోపలికి వెళ్ళి కేకలేశాను. ఆవిడకి వినిపిస్తేగా! అప్పటికే నిలబడి ఉంది.

అలా మొదలైంది ఆ నీలం గీత. ఆ వారమంతా మా మధ్యగది పెళ్ళివారిల్లే. నీలం, గులాబీ, పసుపు, నలుపు అనే నాలుగు సిరాలు ఏ పాళ్ళలో కలపాలో చెప్తే ఏ రంగైనా వస్తుంది. ఆ పాళ్ళు ఆదేశాలన్నిటికీ పైన ఒకచోట రాసి, ఆ రంగుకి మనకి నచ్చిన పేరు పెట్టుకోవచ్చు. తరువాత ఎక్కడ కావాలంటే అక్కడ ఆ పేరు రాస్తే చాలు. పేరు మన ఇష్టం అన్న సంగతి తెలిసినప్పటినుంచి వదినని పట్టడం మా తరం కాలేదు. అన్నయ్య పని చొక్కా నీలానికి 'ఆయన' అని పెట్టింది. మండిపోయే నారింజకి 'ఆడపడుచు' అని పెట్టింది. నేను ఒంటికాలి మీద లేచాను, ఆవిడ నా మొహాన్నీ ఆ రంగునీ పక్కపక్కన చూసి ఇంకాస్త గులాబీ కలిపింది. హెచ్చరికల కోసం చేసిన చిక్కటి ఎరుపుకి ఏ పేరు పెట్టిందో వేరే చెప్పాలా?

మొదటి నమూనా తీసినప్పుడు మాత్రం ఒక ఎరుపు హెచ్చరిక దగ్గర బ్రాకెట్టు మూయడం మరిచిపోయింది. కుళాయి కట్టేసిందో లేదో చూడ్డానికి వీధి మలుపునుంచి వెనక్కి వచ్చే మనిషి! అక్కడినుంచి చివరిదాకా పటాలు, సూత్రాలు, ఆఖరికి పేజీల అంకెలు కూడా ఎర్రగా వచ్చాయి. అమ్మ ఆ కాగితాలు రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, ఇది లెక్కల పుస్తకమా కసాయి కొట్టా అని అడిగింది. మేష్టారి కంట పడలేదు కాబట్టి షరతు దాకా పోలేదు. వదిన తేలు కుట్టిన దొంగలా లోపలికి వచ్చి, ఒక్క బ్రాకెట్టు మూసింది. ఎరుపంతా వెనక్కి తగ్గి తన చోట తాను కూర్చుంది. అది చూసి ఆవిడ చప్పట్లు కొట్టింది, నేనూ కొట్టాను.

రెండో నమూనా నేను అక్షరం అక్షరం దిద్దాను. వంక పెట్టడానికి ఏమీ లేదు. అమ్మే స్వయంగా మేష్టారింటికి పంపింది. అసలు గొడవ అక్కడుంది. నేను దిద్దేశాక, అన్నయ్య మెషిన్లో సిరాలు సరిచూసుకోవడానికని వదిన చివర ఒక పేజీ చేర్చింది. ఒక్కో రంగూ ఒక్కో గడి, గడి కింద పేరు. మేష్టారికి పంపేముందు తీసేయాలి. ఆ హడావిడిలో తీయలేదు.

మర్నాడు మేష్టారు వచ్చి అమ్మ ఎదుట కూర్చున్నారు. పటాలు చూసి మా ఆవిడ కూడా లెక్క అర్థమైందంటోందమ్మా అని మురిసిపోయారు. గుమ్మంలో వదిన నా భుజం నొక్కుతోంది, నాకు ఎముక విరుగుతోంది, అయినా ఊరుకున్నాను. అప్పుడాయన ఆఖరి పేజీ తీసి అమ్మ ముందు పెట్టారు.

"ఒక్కటేనమ్మా. ఈ అత్తగారు కాస్త కళ్ళలో గుచ్చుకుంటోంది. కొంచెం తగ్గిస్తారా?"

వదిన చెయ్యి నా భుజం వదిలేసి తన నోటికి అడ్డం వెళ్ళింది. అమ్మ ఆ పేజీని దగ్గరగా పట్టుకుని గడి గడీ చదివింది. పేరు గురించి పల్లెత్తు మాట అనలేదు. కాగితం బల్ల మీద పెట్టి వదినకేసి చూసింది.

"విన్నావుగా, మార్చమంటున్నారు. నేను భయపడ్డదే అయింది. ఇక పేజీ పేజీ వెతుక్కో."

అమ్మ గొంతులో కోపం లేదు, అందుకే నాకు భయమేసింది. వదిన మాత్రం ఒక్క అడుగు ముందుకి వేసింది. "వెతకక్కర్లేదు అత్తయ్యా. ఒక్కసారి లోపలికి రండి."

అమ్మని తన కుర్చీలో కూర్చోబెట్టి పైన ఉన్న ఆ ఒక్క వరుస చూపించింది. అందులో అత్తగారు అనే పేరు, పక్కన నాలుగు అంకెలు. వదిన రెండు అంకెలు తగ్గించి మీట నొక్కింది. అధ్యాయమంతటా ఎరుపు ఒక్కసారిగా మెత్తబడింది. అమ్మ నమ్మలేదు. మొదటి పేజీనుంచి మొదలుపెట్టి ఒక్కో హెచ్చరికా తెరకి ముక్కు ఆనించి చూసింది. ఎక్కడో ఒకచోట పాత ఎరుపు మిగిలే ఉంటుందని వెతికింది. ఆఖరి పేజీ దాటాక మళ్ళీ మొదటికి వెళ్ళి ఇంకోసారి వెతికింది. ఎక్కడా లేదు.

"మీ మామగారికి ఈ దారి తెలిసుంటే" అని ఆగిపోయింది. వదిన ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. అమ్మ తోసేయలేదు. కళ్ళు తుడుచుకుని, ఇంతకీ నా పేరు హెచ్చరికకి ఎందుకు పెట్టావని అడిగింది.

వదిన తెర మీద ఒక హెచ్చరిక చూపించింది. "తప్పు జరగబోయే చోటు ముందుగా కనిపెట్టేది మీరే కదా అత్తయ్యా. పిల్లలు జారబోయే చోట్లన్నీ మీకిచ్చాను."

అమ్మ తెరకేసి చూసి మూతి ముడిచింది. మరీ ఇంత నీరసంగా ఉన్నానా, కొంచెం పెంచమంది. వదిన ఒక అంకె పెంచింది. మేష్టారు గుమ్మంలోంచి చూసి ఇది సరిగ్గా ఉందన్నారు. ఊరుకోకుండా, ఆ ఆడపడుచు కూడా కాస్త ఘాటే అన్నారు. దాని జోలికి వెళ్ళొద్దని నేను గట్టిగానే చెప్పాను.

అందరం ముందుగదిలోకి వచ్చాం. మిగతా పుస్తకంలో ఎక్కడ ఏ రంగు వేయాలో మేష్టారు అలవాటుగా అమ్మకే చెప్పబోయారు. అమ్మ ఆపింది. రంగుల సంగతి ఇకమీదట మా కోడలితోనే మాట్లాడుకోండి అంది. వదిన గబగబా బల్ల దగ్గరికి వచ్చి, నిలబడే ఆయన కాగితాలు తిప్పుతూ మాట్లాడడం మొదలుపెట్టింది. చేతులు ఆగడం లేదు, మాటా ఆగడం లేదు. అమ్మ కాసేపు చూసి, బల్ల వెనకనుంచి నాన్న కుర్చీ లాగి ఆవిడ దగ్గరికి జరిపింది.

"పెద్దాయనతో నిలబడి మాట్లాడతావేం, కూర్చో."

వదిన కూర్చుంది.