దయ్యాల తల్లికి బొట్టు

మూడు రోజులుగా ముసురు. కుంట కింది మడిలో నాటేస్తున్నం, పన్నెండు మంది ఆడోళ్లం. మధ్యాహ్నం సద్ది తినడానికి ఒడ్డెక్కినప్పుడు పోస్టాయన సైకిల్ ఆపి ఒక కార్డు ఇచ్చిండు. తడిసి అక్షరాలు అలుక్కున్నయి. మందమర్రి నుంచి చిన్నమ్మ తమ్ముడు రాయించిన కార్డు. "మా అక్క పోయిన మంగళవారం పొద్దున చనిపోయింది. నీకు తెలుపమని చెప్పింది." అంతే.

నాటు సగంలో ఉంది. కార్డు కొంగులో ముడేసుకొని మళ్ల మడిలోకి దిగిన. పక్కన నాటేస్తున్నామె "ఎవలక్కా?" అని అడిగింది. "మా తల్లిగారి ఊరామె" అన్న. పేరు చెప్పలేదు. మా ఊర్లో ఆమె పేరు ఎత్తక పద్నాలుగేండ్లయింది.

ఆమెది మా ఎదురిల్లు. ఆమె పుట్టిన ఊరూ నేను పుట్టిన ఊరూ ఒక్కటే. అందుకే అత్త అనకుండా చిన్నమ్మ అని పిలిచేదాన్ని. నేను కొత్త కోడలిగా వచ్చేసరికే ఆమె భర్త పోయి ఆరేడేండ్లు. పిల్లలు లేరు. ఎకరం చెలక, ఒక మేక. పొద్దున చీపురు పడితే తన వాకిలితో ఆపకుండా మా వాకిలి సగం దాకా ఊడ్చేది. మాట తక్కువ. నవ్వితే మాత్రం పండ్లన్నీ కనబడేటట్టు నవ్వేది.

ఆమె తమ్ముడు మందమర్రిలో ఒక ఆఫీసరు బంగ్లాలో తోటపని చేసేటోడు. ఆ ఆఫీసరు బదిలీ మీద పోతూ పాత కాగితాలు పారేసిపోతే, అందులోంచి రెండు బొమ్మల పుస్తకాలు ఏరి అక్కకు తెచ్చిచ్చిండు. ఇంగ్లండులో అచ్చయినవి. అంచులు పసుపుపచ్చగా మారినయి. అందులో ఒక దయ్యాల కుటుంబం. తండ్రికి నీడ ఉండదు. తల్లి తెల్లటి జుట్టు విరబోసుకొని, బట్టల గంప చంకన పెట్టుకొని గోడలోంచి నడిచిపోతది. తాత పొయ్యి పొగగొట్టంలో పండుకుంటడు. వాన పడే సన్నటి వీధిలో, మామూలు జనం మధ్య ఒక ఇంట్లో ఉంటరు. వాళ్లు పలకరించినప్పుడల్లా చుట్టుపక్కలోళ్లు చెప్పులిడిచి ఉరుకుతరు. ప్రతి కథా అట్లనే ముగుస్తది.

చిన్నమ్మకు చదువు రాదు. నేను ఎనిమిది చదివిన. అక్షరాలు కూడబలుక్కొని చదివేదాన్ని, అర్థం తెలిసేది కాదు.

"ఏమంటుండు బిడ్డా గీడ?"

"ఏమో చిన్నమ్మా."

"మరి నీ ఎనిమిది తరగతులు బర్రె మేసిందా? నేను చెప్త ఇను. 'ఏమే, అన్నమయిందా' అంటుండు. మొగోడు గింతకన్న ఏమడుగుతడు?"

అట్ల ఆమె చెప్పిన కథలే నాకు ఆ కథలు. "వీళ్లు ఎవల జోలికి పోరు బిడ్డా, జనమే ఊకె ఉరుకుతరు" అనేది. "దయ్యమైనా గిన్నెలు తోముకోవాలె గదా" అనేది.

ఒకనాడు దయ్యాల తల్లి బొమ్మను చాలాసేపు చూసి, "జర కుంకుమ తేరాదూ. ముఖం బోసిగుంది" అన్నది.

"దయ్యానికి బొట్టేంది చిన్నమ్మా? మొగడు కూడా దయ్యమే గదా, బతికున్నట్టా?"

"ఇద్దరు ఒక్కింట్ల ఉన్నరు. సాలదా."

ఆమె ఇంట్లో కుంకుమ ఉండదు. మా అత్తమ్మ భరిణెలోంచి చిటికెడు తీసి కాగితంలో కట్టి తెచ్చిచ్చిన. తన వేలికి అంటకుండా, అగ్గిపుల్ల తడిపి, దానితో అద్ది, ఒక్కో బొమ్మకు బొట్టు పెట్టింది. ఆ తల్లి ఎక్కడ కనబడితే అక్కడ. రెండు పుస్తకాలకూ పెట్టింది. ఎన్నిసార్లు కుంకుమ తెచ్చిచ్చిన్నో గుర్తు లేదు. ఒక పుస్తకం బియ్యం గోలెం కింద దాచుకొని, రెండోది నాకిచ్చింది. "నేర్సుకో. నేర్సుకొని నాకు చెప్పు" అన్నది.

ఆ వానకాలం మా బావ బిడ్డకు జ్వరం వచ్చింది. నాలుగేండ్ల పిల్ల. రెండో రోజు ఫిట్స్ మొదలైనయి. వాగు పొంగి హుజూరాబాద్ బస్సు రాలేదు. సాయంత్రం చిన్నమ్మ గిన్నెలో మిరియాల కషాయం తెచ్చి, పిల్ల నుదురు తుడిచి, కాసేపు కూచొని పోయింది. తెల్లారి పిల్ల పోయింది.

దినం కాకముందే మా బావ పక్క ఊరి నుంచి భూతవైద్యుణ్ని తోలుకొచ్చిండు. "జ్వరంల ఎవలొచ్చిపోయిన్రు?" అని ఆయన అడిగితే మా అత్తమ్మ ఎదురింటి దిక్కు చూపించింది. ఇంకొకరి బర్రె చచ్చింది. ఒకామెకు కడుపు నిలవలేదు. అవన్నీ ఆ పొద్దే అందరికీ గుర్తుకొచ్చినయి. బాణామతి అన్నరు.

ఇల్లు సోదా చేస్తే గోలెం కింద పుస్తకం దొరికింది. గోడలోంచి వచ్చే ఆడమనిషి. నీడ లేని మొగోడు. ప్రతి పేజీలో కుంకుమ.

"ఇవి పూజ చేసిన బొమ్మలు. ఇగ నేను చెప్పేదేముంది?" అన్నడు భూతవైద్యుడు.

మా అత్తమ్మ నన్ను వాకిట్లోకి పిలిచి పుస్తకం చేతిలో పెట్టింది. "నువ్వు సదివినవు గదనే. ఏం రాసిన్రు ఇందుల?"

"నాకు తెల్వది" అన్న.

అబద్ధం కాదు. ఏం రాసి ఉందో నాకు తెలియదు. పిల్లలు నవ్వుకునే పుస్తకమని తెలుసు. బొట్లు ఎందుకు పెట్టిందో తెలుసు. అవి చెప్పలేదు. అట్లాంటిదే రెండో పుస్తకం నా పెట్టెలో, పెండ్లి చీర కింద ఉంది.

భూతవైద్యుడు చిన్నమ్మ ముందర గొంతుకూచున్నడు. "మొగడు లేనిదాని ఇంట్ల కుంకుమ ఏడిదే? ఎవలిచ్చిన్రు?"

నేను మా గడపలో నిలబడి ఉన్న. కుంకుమ భరిణె నా వెనక గూట్లో ఉంది. నా దిక్కు చూస్తదనుకున్న. చూడలేదు.

"ఎవలియ్యలే. అంగట్ల నేనే కొన్న" అన్నది.

ఆ మాటతో జనానికి ఇక అనుమానం మిగలలేదు. ముందరి పండ్లు లేకుంటే మంత్రం పలకదని, పలికినా పారదని మా దిక్కు నమ్మకం. నలుగురు పట్టుకున్నరు. పైవి నాలుగు, కిందివి మూడు పీకిన్రు. పటుకారు మా ఇంటిదే. పుస్తకాన్ని అక్కడే కాలవెట్టిన్రు. పోలీసులు వచ్చి అడిగితే ఎవ్వరూ చూడలేదన్నరు. నేను కూడా అదే అన్న.

కార్డు వచ్చిన నాడు నాటు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని, పెట్టె అడుగు నుంచి ఆ రెండో పుస్తకం తీసిన. పద్నాలుగేండ్లలో దాన్ని తెరవలేదు. కుంకుమ నల్లబడింది గానీ రాలలేదు. నా బిడ్డ తొమ్మిదో తరగతి. దాని డిక్షనరీ పక్కన పెట్టుకొని ఒక్కో మాటా వెతుక్కుంటూ కడపటి కథ చదివిన. మా బిడ్డ నవ్వింది. "గిది చిన్నపిల్లల పుస్తకమే అమ్మా. గింత కష్టపడుడెందుకు?"

అందులో దయ్యాల తల్లి గిన్నె పట్టుకొని పక్కింటి తలుపు కొడుతది. "మీ పాపకు జ్వరమట గదా. వేడివేడిగా సూపు తెచ్చిన" అంటది. లోపలోళ్లు తలుపుకు మంచం అడ్డం పెడుతరు. ఆమె గోడలోంచి లోపలికి వస్తది. వాళ్లు వెనక తలుపు తీసి ఉరుకుతరు. ఆమె గిన్నె బల్ల మీద పెట్టి, మూత పెట్టి, వచ్చిన దారినే పోతది. ఆ పుస్తకంలో ఎవ్వరూ ఆమెను పట్టుకోరు. ఉరుకుడే.

నేర్చుకొని చెప్పమన్నది. మందమర్రికి పోయి చెప్పడానికి నాకు పద్నాలుగేండ్లుండె. బస్సు రోజూ ఉంది.

ఇది పేపరులో పడితే చదివేటోళ్లలో మా ఊరోళ్లూ ఉంటరు. మా అత్తమ్మ పోయింది. మా బావ ఉన్నడు, పేపరు చదువుతడు, ఇదీ చదువుతడు. ఆ కుంకుమ ఆమె కొనలేదు. మా ఇంటి భరిణెలోంచి నేను తీసిచ్చిన.

పండ్లు పీకిన మూడో నాడు ఆమె ఊరిడిచింది. పొద్దున నేను సాన్పి చల్లి ముగ్గేస్తున్న. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని తన గడప దిగింది. వెనక తమ్ముడు, నెత్తి మీద బియ్యం మూట, చేతిలో మేక తాడు. ముగ్గు బాట సగం దాకా వచ్చింది. ఆమె ఒక్క నిమిషం ఆగి, ముగ్గు తొక్కకుండా మోరీ కాలవ అంచు మీదికి జరిగి నడిచింది. నేను తల ఎత్తలేదు. ఆమె కాళ్లే చూసిన.

శుక్రవారం, ఆరున్నర బస్సు. ఆమె, ఆమె తమ్ముడు ఎక్కిన్రు. మేకను ఎక్కనియ్యలేదు.