ఎర్రమ్మ పేరు మీది పడవ

ఉద్యోగంలో నాకది ఆఖరి ఏడాది. ఆగస్టు మొదటి వారం. రాజధానిలో గణాంక శాఖ డిప్యూటీ డైరెక్టరుగా ఉన్న నా బల్ల మీదికి ఒక ఫైలు వచ్చింది. పింఛన్ల అర్హత నియమాలు మార్చే ఆలోచన పైన నడుస్తోంది. ఇంజను పడవ ఎవరి పేరు మీద ఉంటే ఆ కుటుంబానికి పింఛను ఉండకూడదని ముసాయిదాలో ఒక కొత్త నిబంధన చేరింది. దానివల్ల ఎవరికి పోతుందో, ఖజానాకు ఏమాత్రం మిగులుతుందో నెలలోగా తేల్చి చెప్పమన్నారు.

ఇలాంటి ప్రశ్నలకు మా దగ్గరున్న పనిముట్టును మైక్రోసిమ్యులేషన్ మోడల్ అంటారు. పేరే పెద్దది, పద్ధతి తేలికే. సర్వే చేసిన కుటుంబాలను కంప్యూటర్లో ఒక్కో వరుసగా పేరుస్తాం. పాత నియమంతో ఒకసారి, కొత్త నియమంతో ఒకసారి లెక్క నడిపి, ఏ ఇంటికి ఎంత తేడా వచ్చిందో చూస్తాం. అన్ని ఇళ్లకూ సర్వే వాళ్లు వెళ్లలేరు కనుక ప్రతి వరుసకూ ఒక ‘బరువు’ ఉంటుంది. అంటే ఆ ఒక్క ఇల్లు తనలాంటి కొన్ని వందల ఇళ్ల తరఫున మాట్లాడుతుందన్నమాట. ఒక వరుసలో తప్పు పడితే వందల ఇళ్లలో పడ్డట్టే.

రాబడి ఎంతని అడిగితే మనవాళ్లెవరూ సరిగ్గా చెప్పరు. అందుకని ఆస్తిని చూసి రాబడి అంచనా కట్టి ఆ గడిలో నింపుతాం. పడవల దగ్గర ఆ సూత్రం రాసింది నేనే. నరసన్నపేట పక్కన వరి పండించే ఇంట్లో పుట్టాను. మాకు పాసుపుస్తకం ఎవరి పేరున ఉంటే పొలం వాళ్లది, పంటా వాళ్లది. అదే బుద్ధితో, పడవ ఎవరి పేరున ఉంటే దాని రాబడంతా ఆ ఇంటిదే అని రాసి పారేశాను. రాసేటప్పుడు టీ చల్లారేంతసేపు కూడా ఆలోచించలేదు.

లెక్క నడిచింది. శ్రీకాకుళం జిల్లా వరుసల్లో ఒకటి నా కంట పడింది. అరవై దాటిన ఒంటరి స్త్రీ, వితంతు పింఛను, రేకుల ఇల్లు. రాబడి మాత్రం ఆ ఊరి నమూనాలో అందరికంటే ఎక్కువ, ఎందుకంటే ఇంజను పడవ ఆమె పేరున ఉంది. దొంగ దొరికిందనుకున్నాను. సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నాను, అప్పుడు నాకు సంతోషం వేసింది. అనర్హులు ఎలా లబ్ధి పొందుతున్నారో చూపడానికి పట్టిక కింద ఆ వరుసనే ఉదాహరణగా రాసి, సంతకం పెట్టి పంపాను. డైరెక్టరు గారికి ఆ ఉదాహరణ బాగా నచ్చింది. సమావేశంలో ఎవరైనా ప్రశ్నిస్తే గట్టిగా నిలబడాలి, ఒకసారి స్వయంగా చూసి రమ్మన్నారు.

సర్వే కుటుంబాల పేర్లు మా కంట పడవు, మాకు కనిపించేవి సంఖ్యలే. పునఃపరిశీలన కోసమని లిఖితపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే జిల్లా కార్యాలయం వాళ్లు చిరునామా ఇచ్చారు. కళింగపట్నానికి కాస్త ఎడంగా, ఇసుకలో ఒక పల్లె. ఆమె పేరు ఎర్రమ్మ.

నేను వెళ్లేసరికి పొద్దుటి పడవలు ఒడ్డుకొచ్చి ఉన్నాయి. ఎర్రమ్మ ఇంటి దగ్గర లేదు, పడవ దగ్గర ఉంది. పేరు అడిగి పక్కనే నిలబడ్డాను. పడవ దిగిన మనుషులు ఇసుక మీద చేపలను పోగులు పెడుతున్నారు. మనిషికొక పోగు, వలకొక పోగు, ఇంజనుకూ పడవకూ కలిపి ఒక పోగు. ఆ పడవ పోగును మళ్లీ అయిదు చిన్న పోగులు చేశారు. అందులో ఒకటి ఎర్రమ్మ తట్టలో పడింది. ఆమె దాన్ని తలకెత్తుకుని, ఎండబెట్టడానికి బయల్దేరింది. నేను చూడవలసింది అక్కడితో అయిపోయింది. అధికారిని కదా, అప్పటికీ ఆపి అడిగాను, పడవ మీ పేరునే ఉంది కదా అని.

“ఉన్నాది బాబూ. పేరు నాది, పడవ మా అయిదిళ్లదీ,” అంది.

మరి కాగితంలో ఒక్క పేరే ఎందుకుంది అన్నాను. పడవకు చుక్కాని పట్టే అప్పన్న అందుకున్నాడు. ఎర్రమ్మ భర్త తెప్ప మీదే వాళ్లంతా వేట నేర్చారట. ఆయన సముద్రంలో పోయాక అయిదిళ్ల వాళ్లూ కలిసి ఫైబరు పడవ కొన్నారు. రిజిస్ట్రేషనుకు ఒక్క పేరే కావాలన్నారు. మగాళ్లలో ఎవరి పేరు పెట్టినా రేపొకనాడు తాకట్టు పెట్టేయొచ్చు. “ఎర్రమ్మత్త పేరు మీద ఉంటే ఎవుడూ సెయ్యెయ్యలేడు సార్,” అన్నాడు. ఆ తీరంలో చాలా పడవలు ఇలా నమ్మకమున్న ఒక ముసలామె పేరునో, ముసలాయన పేరునో ఉన్నాయని తర్వాత తెలిసింది.

వచ్చిన పని దాచకుండా చెప్పాను. అలా పేరుంటే పింఛను ఆగే నిబంధన ఒకటి ఆలోచనలో ఉందన్నాను. ఎర్రమ్మ తట్ట దించింది. పడవ ముందు భాగంలో ఎర్ర రంగుతో రాసిన గ్రామదేవత పేరు చూపించింది.

“కాయితంలో నా పేరు సిన్నగా ఉన్నాది. సూడు, పడవ మీద అమ్మోరి పేరు ఎంత పెద్దగా ఉన్నాదో! ముందు అమ్మోరి పింఛను ఆపండి, తర్వాత నాది ఆపుదురు గానీ.”

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. పింఛను ఆమె బీపీ మాత్రలకు, బియ్యానికి, ఇంకొకరి చెయ్యి చూడకుండా బతకడానికి. అత్తకు నష్టం రాకూడదు, పేరు మార్చేద్దామని అప్పన్న అన్నాడు. ఎవరి పేరుకు మార్చాలి? అప్పన్న ఇంట్లో తల్లికి పింఛను ఉంది. రెండోవాడి ఇంట్లో తండ్రికి ఉంది. మూడోవాడు నాకొద్దంటే నాకొద్దన్నాడు. నాలుగోవాడు సింహాచలం, అందరికంటే చిన్నవాడు, తన పేరు పెట్టమన్నాడు. అతనికి బయట అప్పులున్నాయని అప్పన్న నోరు జారాడు. మాటా మాటా పెరిగింది. ఒరే అంటే ఒరే అనుకున్నారు. అంతవరకూ ఆ పడవ దగ్గర ఎవరూ ఎవరినీ నమ్మనని అనలేదట.

నాకు కార్యాలయపు ఉపాయం తట్టింది. వాటాలు కాగితం మీద రాసి అయిదుగురూ సంతకాలు పెడితే ఆమెది అయిదో వంతే అని చూపించవచ్చన్నాను. ఎర్రమ్మ ఒప్పుకోలేదు.

“రాస్తే ఎవుడి వాటా ఆడు అమ్ముకుంటాడు. నా పేరే ఉండనీ బాబూ. పింఛను పోతే పోద్ది. పడవ పోతే అయిదిళ్లు పోతాయి.”

తిరుగు ప్రయాణంలో దారి పొడవునా నన్ను నేను తిట్టుకున్నాను. మా మోడల్‌ను స్థిర నమూనా అంటారు. నియమం మారినా మనుషులు కదలకుండా ఎక్కడివాళ్లక్కడే ఉంటారని దాని ఊహ. నేను ఒడ్డున నిలబడ్డ అరగంటలోనే అయిదుగురు మనుషులు కదిలిపోయారు.

డైరెక్టరు గారికి చెబితే మొదట విసుక్కున్నారు. ఒక్క ముసలామె కోసం పట్టిక మారుస్తారా అన్నారు. ఆమె వరుసకున్న బరువు చూపించాను. పడవలున్న మిగతా వరుసలన్నింటికీ జిల్లా సిబ్బందిని మళ్లీ పంపి, ‘ఎవరి పేరున ఉంది’ అన్న ప్రశ్న పక్కన ‘పడవ వాటా ఎన్ని ఇళ్లకు పోతుంది’ అన్న ప్రశ్న అడిగించాను. వాటిలో ఎక్కువ భాగం ఎర్రమ్మ పడవలాంటివే. రాబడిని ఆ ఇళ్లకు పంచి మోడల్ మళ్లీ నడిపితే, ధనికులుగా కనిపించినవాళ్లు పేదల వరుసల్లోకి వచ్చి చేరారు. మొదటి పట్టిక ఉపసంహరిస్తూ, తప్పు సూత్రంలో ఉందనీ, సూత్రం నాదేననీ నోట్ రాశాను. సంతకం చేసే ముందు సరిచూడలేదేమని నన్ను సంజాయిషీ అడిగారు. ఇచ్చాను. ఇన్నేళ్ల సర్వీసులో అదొక్కటే. సమావేశంలో ఆ నిబంధన ముసాయిదా నుంచి తీసేశారు. డైరెక్టరు గారు నా గదికి వచ్చి ఆ మాట చెప్పి వెళ్లారు.

రిటైరయ్యాక, చలికాలంలో శ్రీముఖలింగం వెళ్లి వస్తూ ఆ పల్లెకు దారి మళ్లించాను. మంచి కబురు నా నోటితో చెప్పాలని ఉంది. ఎర్రమ్మ ఎండు చేపలు తిరగేస్తోంది. పింఛను ఆగలేదు, ఆగదు కూడా అన్నాను. తెలుసంది. పడవ ఎలా ఉందని అడిగాను. ఉంది గానీ పోగులు ఇప్పుడు నాలుగే అంది. ఆ రోజు మాట పడ్డాక సింహాచలం మళ్లీ ఆ పడవ ఎక్కలేదు. అతని వాటా మిగతా నలుగురూ కొనుక్కోవలసి వచ్చింది. అతను ఊరు వదిలి, వేరే రాష్ట్రంలో ఎవరి పడవ మీదో కూలికి పోయాడు.

నిబంధన రాలేదు కదమ్మా అన్నాను, అదేదో సమాధానమైనట్టు.

“రాలేదు. నువ్వొచ్చావు కదా,” అంది. కోపంగా అనలేదు. తర్వాత నేను వద్దంటున్నా వినకుండా, కాగితంలో ఎండు నెత్తళ్ల చేపలు పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది.

ఇప్పటికీ కుర్ర అధికారులు మోడల్ గురించి అడగడానికి ఫోను చేస్తుంటారు. వాళ్లకు రెండు సంగతులు చెబుతాను. పేరు ఎవరిదో అడిగిన చోట వాటా ఎవరెవరిదో కూడా అడగండి. ఇక, ముసాయిదా గురించి ఒక ఇంటి ముందు నోరు విప్పారంటే, ఆ నియమం ఆ ఇంట్లో అప్పుడే అమలైనట్టు లెక్క వేసుకోండి. మా మొదటి పట్టికలోనూ రెండో పట్టికలోనూ, పింఛనే లేని సింహాచలం ఇంటిలాంటి ఇళ్లకు తేడా సున్నా అనే ఉంది.