గుటక పడ్డాకే మరో ముద్ద

ఈ కాలపు తొందర మీద నాకు కోపం ఉంది. దానిని దాచుకోను. ఒకరు ఫోనులో మాట్లాడి పంపిన సందేశాన్ని రెట్టింపు వేగంతో వినే సదుపాయం వచ్చిందని మా మేనకోడలు చెప్పినప్పుడు, మనిషి ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోటును కూడా ఓర్చుకోలేని స్థితికి వచ్చామా అని మండిపడ్డాను.

"టైం కలిసొస్తాది కదా మావయ్యా" అంది.

అలా కలిసొచ్చిన సమయంలో ఏం చేస్తున్నావని అడిగాను. ఇంకో సందేశం వింటున్నానంది.

ఆమె మా అప్ప కూతురు. అక్కను అప్ప అని పిలవడం మా వైపు అలవాటు. మేనకోడలికి శ్రీకాకుళంలో బ్యాంకు ఉద్యోగం. ఆమె ఇంటికీ మా ఇంటికీ నడుమ ఒక్క వీధే. అప్ప మొన్నమొన్నటి దాకా శ్రీముఖలింగం దగ్గరి మా పల్లెలో తన పొలం తాను చూసుకుంటూ ఉండేది. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయి, మాట నెమ్మదించి, మింగడం కష్టమైన తరువాత కూతురు ఆమెను తన దగ్గరకు తెచ్చుకుంది.

డాక్టరు స్పష్టంగానే చెప్పాడు. మెత్తగా కలిపిన అన్నమే పెట్టాలి. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త దించి, చిన్న ముద్దలుగా పెట్టాలి. పొలమారితే మెతుకు ఊపిరితిత్తులలోకి పోతుంది. మళ్ళీ చూపించుకోవడానికి వచ్చేసరికి బరువు తగ్గినా, ఛాతీలో కఫం చేరినా ముక్కు ద్వారా గొట్టం వేయక తప్పదు. అప్ప అంతా విని, కూడబలుక్కుంటూ, "నోరుండగా ముక్కుతో తినమంటాడేటి ఈడు!" అంది. నవ్వాం. కాని ఆమె నవ్వలేదు. చెయ్యి పడిపోయినందుకు పెట్టని కన్నీరు ఆ గొట్టం మాటకు పెట్టింది.

మేనకోడలికి తల్లి మీద ప్రేమ లేదని నేను ఎన్నడూ అనను. చీకటితో లేచి వండుతుంది, తల్లికి స్నానం చేయించి జడ వేస్తుంది. అయితే అన్నం పెట్టే వేళకు ఫోను మోగుతుంది. భుజానికీ చెవికీ మధ్య దానిని ఇరికించుకుని, ఒక చేత్తో ముద్ద అందిస్తూ, ఎవరికో అప్పు కాగితాల సంగతి చెబుతూ ఉంటుంది. ఒక ఉదయం నా కళ్ళముందే అప్పకు పొలమారింది. కూతురు ఫోను తియ్యకుండానే తల్లి మాడు మీద తట్టి, మనవాళ్ళందరూ అనే మాటే అంది: "ఎవులో తలుసుకుంటన్నారమ్మా."

అప్ప దగ్గు తగ్గేదాకా ఆగి, "తలుసుకోవలిసినోలు పక్కనే ఉన్నారే" అంది. "ఇటు సూడ్డం నేదు, అంతే."

మేనకోడలి ముఖం చిన్నబోయింది. నేను ఊరుకోలేక నాలుగు మాటలు అన్నాను. ఆమె కూడా ఊరుకోలేదు. "నువ్వు రిటైరయిపోనావు మావయ్యా, నీకు అన్నీ నిదానమే. నాకు సెలవెవులిస్తారు?" అంది. అందుకే మధ్యాహ్నం భోజనం బాధ్యత నేను తీసుకున్నాను.

ఏ పనినైనా పద్ధతిగా చేయడం నాకు అలవాటు. వంశధార నీటిమట్టం చూసి రాయడమే నేను చేసిన ఉద్యోగం. నది ఏమి చేస్తున్నా మనం రాయవలసింది రాయాలి. అదే క్రమంలో అప్ప పక్కన గడియారం పెట్టుకుని, ఏ ముద్దకు పొలమారిందో, ఎంత తిన్నదో కాగితం మీద గుర్తు పెట్టడం మొదలుపెట్టాను. రెండో రోజుకే అప్ప పెదవులు బిగించింది.

"ఏటి రాస్తన్నావురా?"

"పొలమారినప్పుడు రాస్తున్నానప్పా. డాక్టరుకి చూపించాలి."

"నేనేటి, వంశధారనా? పొంగితే రాసుకోడానికి!" అంది. కాస్త ఊపిరి తీసుకుని, "సిన్నప్పుడు నీకు నేనెట్టినప్పుడు ఏటైనా రాసినానా? నీ పీక సూసీదాన్ని" అంది.

నిజమే. అమ్మ ఉడుపులకు, అంటే వరినాట్లకు, పోయిన రోజుల్లో అప్పే నాకు అన్నం కలిపి పెట్టేది. నేను ముద్దను బుగ్గన దాచి ఆటకు పారిపోయేవాణ్ణి. ఆమె చెయ్యి పట్టి లాగి, "గుటక పడ్డాదా? ఏదీ, పీక సూడనీ" అనేది. గుటక పడ్డాకే మరో ముద్ద. ఆమెకు కూడా అప్పుడు ఆడుకునే వయసే.

కాగితం మడిచి జేబులో పెట్టాను. భోజనం అయ్యాక రాసుకోవడానికి అప్ప అభ్యంతరం చెప్పలేదు. ఆ రోజు నుంచి ముద్ద పెట్టి ఆమె కంఠం చూస్తూ కూర్చున్నాను. చూడగా చూడగా తెలిసింది: ఒక ముద్దకు ఆమెకు రెండు గుటకలు కావాలి. మొదటి గుటకతో చాలావరకు దిగినా, పడిపోయిన కుడి బుగ్గలో కొంత మిగులుతుంది. ఆమె నాలుకతో దానిని మెల్లగా కూడదీసుకుంటుంది. ఎడమ కనుబొమ్మ కాస్త లేస్తుంది. అప్పుడు రెండో గుటక పడుతుంది. మనం మొదటి గుటక చూసి, అయిపోయిందనుకుని మరో ముద్ద పెడితే, అక్కడే పొలమారుతుంది.

ఆదివారం మేనకోడలిని పక్కన కూర్చోబెట్టి ఇది చూపించాను. ఫోనును తనే వంటింట్లో పెట్టి వచ్చింది. మొదట్లో చేతిలో ముద్ద సిద్ధంగా పట్టుకుని, బస్సు కోసం ఎదురు చూసినట్టు కూర్చుంది. కాసేపటికి భుజాలు సడలాయి. రెండో గుటక కోసం చూస్తూ, ఉన్నట్టుండి, "మావయ్యా, అమ్మకి గొంతు కింద పుట్టుమచ్చ ఉన్నాదేటి!" అంది.

అప్ప మింగడం పూర్తి చేసి, "నీకంటే ముందే పుట్టినాదే అది" అంది.

మేనకోడలు నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది. ఆ తరువాత ఉదయం భోజనం కోసం రోజూ కంటే అరగంట ముందే లేవడం మొదలుపెట్టింది. ఫోను మోగేది, మోగి ఆగిపోయేది. ఆమె లేచి వెళ్ళిన రోజులు కూడా ఉన్నాయి. అటువంటి రోజున ముద్ద కంచంలోనే ఉంచి వెళ్ళి, వచ్చి మళ్ళీ కూర్చునేది.

చూపించుకునే రోజు వచ్చింది. గది బయట జనం, లోపల డాక్టరు. ఆయనకూ తొందరే, ఆ జనాన్ని చూస్తే తప్పు పట్టలేకపోయాను. ముందు అప్పను బరువు తూచారు, తగ్గలేదు. డాక్టరు ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విన్నాడు, తల ఊపాడు. మింగడం చూద్దామని చిక్కని జావ చెంచాతో నోట్లో పోశాడు. గుటక పడింది. ఆయన వెంటనే రెండో చెంచా ఎత్తాడు.

అప్ప ఎడమ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏమైందమ్మా, ఇబ్బందిగా ఉందా?" అని అడిగాడు. నోట్లో ఇంకా జావ ఉండగా ఆమె నోరు విప్పదు కదా. మేనకోడలే, "ఒక్క నిమిషం సార్, ఇంకో గుటక ఉన్నాది" అంది. డాక్టరు చెంచాను గాలిలోనే ఆపి అప్ప కంఠం వైపు చూశాడు. నర్సూ చూసింది. కనుబొమ్మ లేచింది. రెండో గుటక పడింది. అప్ప చెయ్యి తీసి, "ఊఁ, ఇప్పుడెట్టు బాబూ" అంది.

ఆ చెంచా కూడా పొలమారకుండా దిగింది. "గొట్టం అవసరం లేదు. ఇలాగే పెట్టండి" అని చీటీ మీద రాసి ఇచ్చాడు. మేనకోడలు తల్లి తలను తన పొట్టకు హత్తుకుని అక్కడే నిలబడిపోయింది. తరువాతి రోగి లోపలికి వచ్చి ఆమె వెనుక నిలుచున్నా కదలలేదు.

బయటకు వచ్చి ఆటో ఎక్కాం. అప్ప కూతురి భుజానికి ఆనుకుని కూర్చుని, "ఇంట్లో కందా బచ్చలీ ఉన్నాదా?" అని అడిగింది. ఉందని చెప్పగానే డ్రైవరు వైపు వంగింది.

"ఏటి నాయనా, నత్తలాగ పోతన్నావు? బేగి పోనీ, ఆకలేస్తంది."