టవాలు కింద జర్మనీ కారు

బయ్యన్న ఏ వస్తువు కొన్నా ఎద్దును కొన్నట్టే కొంటాడు. ఆయనకున్న జబ్బల్లా ఇదొక్కటే. మిగతా విషయాల్లో అంత నిదానమైన రైతు బెళుగుప్ప మండలం మొత్తం జల్లెడ పట్టినా దొరకడు. కానీ ఏదైనా కొనాల్సి వచ్చిందా, అది అగ్గిపెట్టె అయినా సరే, చుట్టూ తిరగాలి, వీపు తట్టాలి, వంకలు పెట్టాలి, ఆఖరున అమ్మేవాడి చేతిని టవాలు కింద పట్టుకోవాలి.

ఎద్దుల సంత చూడనివాళ్లకు ఈ టవాలు సంగతి చెప్పాలి. అక్కడ అసలు బేరం నోటితో జరగదు. కొనేవాడూ అమ్మేవాడూ చేయి చేయి కలుపుతారు, పైన టవాలు కప్పుతారు. లోపల ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. చుట్టూ దళారులు మెడలు కొంగల్లా సాచి చూస్తున్నా ఆ ధర రెండు చేతులకు తప్ప మూడో మనిషికి తెలియదు.

సంతలో ఇది మర్యాదే. ఉరవకొండలో, స్టీలు సామాన్ల అంగడిలో, ప్రెషర్ కుక్కర్ ముందు మర్యాద కాదు. భార్య రామలక్ష్మమ్మ పోరు పడలేక కుక్కర్ కొనడానికి పోయిన బయ్యన్న మూత తీసి లోపల చేయి పెట్టి తడిమాడు.

“పళ్లు లేవు కదప్పా దీనికి, వయసు ఎట్ల తెలుస్తాది?” అని అడిగాడు.

“కొత్తదన్నా, నిన్ననే వచ్చింది,” అన్నాడు అంగడాయన.

“అందురూ నిన్ననే వచ్చిందంటారు. ఒకతూరి అరిపించు, గొంతు ఇందాం.”

అంగడాయన స్టవ్ వెలిగించి, నీళ్లు పోసి, విజిల్ వేయించి వినిపించాడు. గొంతు కీచుగా ఉందని బయ్యన్న వంక పెట్టాడు. ఆ తర్వాత టవాలు తీశాడు. ధర అట్టపెట్టె మీదే అచ్చేసి ఉందని అంగడాయన మొత్తుకున్నా వినకుండా చేయి పట్టుకున్నాడు.

తమ్ముడి కూతురు హేమను పళ్ల డాక్టరు చదువుకు బెంగళూరు కాలేజీలో చేర్చడానికి పోయినప్పుడు కూడా ఊరుకోలేదు. “మా వంశంలో పళ్లు చూసే పని కొత్తేం కాదు సార్,” అని ప్రిన్సిపాల్‌తో గర్వంగా అన్నాడు. హేమ బల్ల కింద దూరిపోదామనుకుంది.

ఇంత చూసి, ఇంత తట్టి, ఇంటికి తెచ్చేది ఏమిటయ్యా అంటే, ఊళ్లో ఎవడూ ఊరకే ఇచ్చినా తీసుకోని సరుకు. ఆయన పశువుల కొట్టంలో కాడి కనబడితే చాలు పడుకునే ఎద్దు ఒకటుంది. ఒంటికన్నుది ఒకటుంది. ఒకదానికి ముందుకు నడవడమంటేనే గిట్టదు. ఇవన్నీ సంతలో ఎంచి ఎంచి కొన్నవే. కొన్న ప్రతిసారీ బయ్యన్న టీ అంగడి ముందు నిలబడి చెప్పే మాట ఒకటే.

“ముంచినాడప్పా. వాడు శానా గట్టోడు. ఎంత గుంజినా దిగలే.”

ఊరంతా పగలబడి నవ్వేది. “నీ చేతికి వేళ్లుండాయి గానీ లెక్క లేదు,” అని రామలక్ష్మమ్మ నెత్తి కొట్టుకునేది.

అలాంటి బయ్యన్న హేమకు కారు కొనిపెట్టడానికి బయలుదేరాడు. అదీ మామూలు కారు కాదు, జర్మనీ కారు.

బెంగళూరులో చదివే రోజుల్లో హేమ ఉండే హాస్టలు ముందు నుంచి రోజూ ఒక నల్లకారు పోయేది. పొట్టిగా, నేలకు కరుచుకొని, పిల్లి నడిచినట్టు చప్పుడు లేకుండా పోయి, మలుపు తిరగ్గానే గుర్రుమనేది. ఎప్పటికైనా సొంత దుడ్లతో అలాంటిది కొనాలని అప్పుడే అనుకుంది. చదువయ్యాక అనంతపురంలో ఆసుపత్రి పెట్టి, పళ్లు పీకి, పళ్లు కట్టి, నాలుగు లక్షలు కూడబెట్టింది. రెండువేల ఆరులో ఆమె కల ఆ ఊళ్లోనే అమ్మకానికి వచ్చింది. తాడిపత్రి రోడ్డులో వేరుశనగ నూనె మిల్లు ఉన్న గోవిందప్ప, మంచి పంటలు పండిన ఏడాది బెంగళూరు నుంచి తెచ్చుకున్న పాత జర్మనీ కారును ఐదు లక్షలకు అమ్ముతానన్నాడు.

కార్ల దళారి శ్రీరంగప్ప ఆసుపత్రికే వచ్చి చెవిలో చెప్పాడు.

“తొందరపడాకండి మేడం. ఆయప్ప మిల్లు మూతబడి ఉండాది. మునిగిపోయినాడని ఊర్లన్నీ తెలిసిపోయింది. దుడ్లు వస్తాయో రావోనని రైతులెవురూ ఆయప్పకు చెనిక్కాయ బుడ్డలు తోలల్యా. ఇంగొక వారం ఆగితే మూడుకే కాళ్ల బేరానికి వస్తాడు. కొనేవోళ్లనందర్నీ నేనే ఆపి పెట్టినా.”

హేమకు ఆ మాట నచ్చలేదు. నచ్చకపోయినా, చేతిలో ఉన్నది నాలుగే కదా, కాస్త దిగితే బాగుండునని కూడా అనిపించింది. ఎవరైనా ముందే ఎగరేసుకుపోతారేమోనని ఇంకోపక్క గుబులు. బోరు మోటారు కొనడానికి దుడ్ల సంచితో టౌనుకు వచ్చి పక్కనే కూర్చున్న బయ్యన్న అంతా విన్నాడు.

“వారం దేనికి? రేపే పోదాం. నేనూ వస్తా,” అన్నాడు.

హేమ చేతులు జోడించింది. “పెద్దనాయనా, నీ కాళ్లు పట్టుకుంటా. ఆయప్ప ముందర టవాలు మాత్రం తీయొద్దు.”

“టవాలు లేకుండా నేను స్నానమే చెయ్యను, బేరం చేస్తానా మే?”

మర్నాడు గోవిందప్ప మిల్లు ఆవరణలో కారు తళతళలాడుతూ నిలబడి ఉంది. గోవిందప్ప ఇస్త్రీ చొక్కా వేసుకొని నవ్వుతూ ఎదురొచ్చాడు. శ్రీరంగప్ప అప్పటికే ఇద్దరు మనుషులతో వచ్చి గోడవారగా కూర్చున్నాడు. వాళ్లూ కొనేవాళ్లే, శ్రీరంగప్ప చెప్పిన ధరకు.

“కొత్త మోడల్ వస్తాందంటన్నా. అందుకే దీన్ని తీసేస్తాండా,” అన్నాడు గోవిందప్ప.

బయ్యన్న కారు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. వెనకభాగం మీద అరచేత్తో ఒక్కటి చరిచాడు. “బోలుగా మోగుతాండాది. మేత సరిగ్గా పడలే.” ముందుకు వచ్చి వంగి జాలీ వైపు చూశాడు. “పళ్లన్నీ బయటే ఉండాయి. ముసలిది.”

“అవి పళ్లు కాదు పెద్దనాయనా,” అంది హేమ పళ్లు బిగించి.

“పళ్ల డాక్టరువు, నోరు తెరిపించకుండానే చెప్తాండావే.”

నోరు తెరిపించాల్సి వచ్చింది. బోనెట్ ఎత్తాక ఆయిలు చూసే పుల్ల లాగి, “నాలిక నల్లగా ఉండాది, లోపల వేడి,” అన్నాడు. నేల మీద బోర్లా పడుకొని అడుగు చూశాడు. “పొట్ట నేలకు తగుల్తాండాది. మన దారుల్లో బొడ్డు ఊడిపోతాది.” తర్వాత నడక చూడాలన్నాడు. గోవిందప్ప కారును ఆవరణలో అటూ ఇటూ నడుపుతుంటే ఈయన పంచె ఎగ్గట్టి పక్కనే పరిగెత్తాడు. “ఎనక కుడికాలు ఈడుస్తాంది,” అని రొప్పుతూ అరిచాడు. గోవిందప్ప మొహం చిన్నబోయింది. భూమి చీలితే అందులోకి పోదామని హేమ చూసింది గానీ, అనంతపురం భూమి కదా, చీలికలు చాలా ఉన్నా మనిషి పట్టేంతది ఒక్కటీ కనబడలేదు.

ఆఖరున బోనెట్ ముందంచు నడుమ ఉన్న గుండ్రటి కంపెనీ బిళ్ల దగ్గర బయ్యన్న ఆగాడు. వేలితో చుట్టూ రాశాడు. “అయ్యయ్యో,” అన్నాడు. “నొసట్న సుడి.”

గోడవారగా కూర్చున్న ఇద్దరిలో ఒకడు లేచి నిలబడ్డాడు. నొసట చెడ్డ సుడి ఉన్న ఎద్దును ఇంటికి తోలుకుపోతే యజమానికి కీడని ఆ సీమలో పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు.

“కారుకు సుడేందప్పా,” అని శ్రీరంగప్ప నవ్వబోయాడు.

“నాకేం తెలుసు. ఇంట్లో ఆడోళ్లు, బిడ్లు ఉండేవోళ్లు చూసుకోవాల,” అన్నాడు బయ్యన్న.

లేచినవాడు రెండోవాడి భుజం తట్టాడు. ఇద్దరూ గేటు దాటారు. వాళ్లను బతిమాలుకుంటూ శ్రీరంగప్ప కూడా వెనకే పరిగెత్తాడు. ఆవరణలో ముగ్గురే మిగిలారు.

“ఎందుకు అమ్ముతాండావు గోవిందప్పా?” బయ్యన్న గొంతు తగ్గించి అడిగాడు.

“చెప్తి కదన్నా. కొత్త మోడల్...” అని గోవిందప్ప ఆగిపోయాడు. బయ్యన్న మూతబడిన మిల్లు వైపు చూస్తున్నాడు. చూసి చూసి, భుజం మీది టవాలు తీశాడు.

అంత బేరం హేమ ఎన్నడూ చూడలేదు. టవాలు లోపల పందికొక్కు దూరినట్టు ఎగిరెగిరి పడుతోంది. గోవిందప్ప మోచేయి వెనక్కి లాగుతున్నాడు, బయ్యన్న ముందుకు తోస్తున్నాడు. ఇద్దరికీ చెమటలు.

“వద్దన్నా,” అన్నాడు గోవిందప్ప.

“పట్టు.”

“ఇది ధర్మం కాదన్నా.”

“ధర్మం నాకు చెప్పాకు. పట్టంటాండానా.”

గోవిందప్ప కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి హేమ తట్టుకోలేకపోయింది. కష్టంలో ఉన్న మనిషి గొంతు మీద కూర్చొని తెచ్చుకునే కారు, ఎంత నల్లగా మెరిస్తే మాత్రం ఏం చేసుకోను అనిపించింది.

“వదిలెయ్ పెద్దనాయనా. నాకు కారొద్దు, పోదాం రా,” అని చేయి పట్టి లాగింది.

“నువ్వు ఆడే నిలబడు,” అని కసిరాడు బయ్యన్న. ఒక్క నిమిషం తర్వాత టవాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు. “ఖరారు. ముంచినాడు నన్ను.” డబ్బు సంచి హేమ చేతిలోంచి లాక్కొని, తన సంచితో కలిపి గోవిందప్ప ఒళ్లో పడేశాడు. ఆ తర్వాత డిక్కీలో ఏం దాచాడో చూడాలంటూ కారు వెనక్కి పోయాడు.

హేమ కారెక్కి కూర్చున్నాక, తాళాలు ఇవ్వడానికి గోవిందప్ప కిటికీ దగ్గరకు వచ్చి వంగాడు.

“అమ్మా, నేను పట్టింది మూడు వేళ్లే. శ్రీరంగప్ప మాటలు ఇని ఇని అంతే వస్తాదనుకున్న్యా. మీ పెద్దనాయన ఐదు వేళ్లూ పట్టినాడు. నేను మడస్తాంటే ఆయన తెరుస్తాండాడు. అమ్మేవోడు దింపుతాంటే కొనేవోడు ఎక్కిచ్చే బేరం నా పుట్టినాక సూడల్యా.”

బయ్యన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. కారు కదిలింది. ఆమె ఇన్నేళ్లు ఎదురుచూసిన ఆ గుర్రు వినబడింది గానీ, దాని మీద ధ్యాస లేదు. బెళుగుప్ప దారి పట్టాక అడిగింది.

“నావి నాలుగే కదా పెద్దనాయనా. ఐదోది ఎవురిది?”

“చింతచెట్లు అమ్మిన దుడ్లు.”

“అది బోరు మోటారుకు కదా?”

“పాతదాన్ని నాలుగు తంతే అదే తిరుగుతాది.”

“ఆయప్ప మూడుకే ఇస్తానన్న్యాడంట.”

బయ్యన్న కాసేపు కిటికీలోంచి చేలు చూశాడు. “మూడంటే అన్న్యాడులే. ఇంట్లో గింజలు లేనోడు ఏమైనా అంటాడు. అది ఇనుకొని కొంటామా మే? నువ్వు రోడ్డు సూసి తోలు, బొడ్డు తగుల్తాది.”

హేమకు కొట్టంలోని ఎద్దులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కాడి చూస్తే పడుకునేది సుంకన్నది. మేత లేక ఊరే వదిలి పోవాల్సి వచ్చిన ఏడాది, దళారులు కసాయికి పంపే కోతబేరానికి అడుగుతుంటే ఈయన అడ్డుపడి, లేనిపోని వంకలన్నీ పెట్టి వాళ్లను తరిమి, టవాలు కప్పాడు. ఒంటికన్నుది ఆంజినమ్మది. ఆమె మొగుడు మంచాన పడ్డప్పుడు కొన్నాడు. ఇంతకాలం అందరితో కలిసి తానూ నవ్వినందుకు హేమకు సిగ్గేసింది. పక్కన కూర్చున్న ఈ మనిషి మీద ఎంత ప్రేమ పొంగిందంటే, కారు ఆపి కౌగిలించుకుందామనుకుంది. ఆపితే మళ్లీ నడక బాగాలేదంటాడని మానుకుంది.

ఊళ్లో టీ అంగడి ముందు కారు ఆగేసరికి జనం మూగారు. అందరికంటే ముందు ఎర్రన్న వచ్చాడు. ఊళ్లో అందరికంటే ఎక్కువ చెనిక్కాయ పండించేది ఆయనే, అందరికంటే ఎక్కువ నవ్వేదీ ఆయనే.

“ఎంతకు పడింది బయ్యన్నా?”

“ఐదు గుంజినాడప్పా. గట్టోడు. నా వేళ్లు ఇంగా నొస్తాండాయి.”

“ఎవురు, గోవిందప్పా? మిల్లు మునిగిపోయింది, మూడుకే ఇచ్చేస్తాడంటాండ్రి కదా.” ఎర్రన్న అనుమానంగా చూసి హేమ వైపు తిరిగాడు. “మీ పెద్దనాయన మాట వదిలెయ్. నువ్వు చెప్పు డాక్టరమ్మా. నువ్వు ఆడే ఉంటివి కదా.”

బయ్యన్న చేతికందిన టీ గ్లాసు తాగకుండా పట్టుకున్నాడు. హేమ ఆయన్ను చూసింది, ఎర్రన్నను చూసింది.

“ఒక్క రూపాయి తగ్గల్యా మామా,” అంది. “నేను కూడా శానా బతిమాలినా. ఇష్టముంటే తీసుకోండి, లేకుంటే పొండి, నాకు అవసరమేం లేదన్న్యాడు.”

“ఇద్దరూ కలిసే మునిగొచ్చినారన్నమాట,” అని ఎర్రన్న నవ్వాడు. జనమంతా నవ్వారు. నవ్వు ఆగాక ఎర్రన్న గడ్డం గోక్కున్నాడు. “అంత గట్టిగా నిలబడినాడంటే మిల్లుకేం కాలేదప్పా. ఎవురో గిట్టనోళ్లు ఆ మాట పుట్టించినారు. ఈతూరి బుడ్డలు ఆయప్పకే తోల్దాం, ఏమంటారు?”

“తోల్దాం లే,” అన్నారు నలుగురు.

“మీ ఇష్టం. నన్ను మాత్రం ముంచినాడు,” అన్నాడు బయ్యన్న టీ గ్లాసులోకి చూస్తూ.

“మమ్మల్ని,” అని దిద్దింది హేమ, అందరికీ ఇంకో టీ చెప్పి.